మేకపోతుకు మా బావ ముఖం

ఆ మేకపోతు మా బావే. ఈ మాట చెప్పాల్సిన రోజు నేను చెప్పలేదు. చెప్పకుండా ఊరుకున్నా కొంత నయంగా ఉండేది. ఎదుటి మనిషి ముఖం చూస్తూ, కాదని ఒట్టు కూడా వేశాను. ఆ రోజు వచ్చి అడిగిందీ మా బావే.

కరీంనగర్ నుంచి ఆదిలాబాద్ దాకా ఆ మేకపోతును ఎరగని ఇల్లు తక్కువ. ఎరగనివాళ్ల కోసం చెబుతాను. పల్చటి గడ్డం, సగం మూసిన కళ్లు, ఎప్పుడూ పైకెత్తి ఉండే చుబుకం, భుజం మీద తువ్వాల. రెండు కాళ్ల మీద నడుస్తుంది. ఎవరి దావత్‌కైనా పిలవకుండానే వచ్చి మనుషులతో పాటు పంక్తిలో కూర్చుంటుంది. ఇన్నేళ్లలో దాన్ని ఎవరూ కోయలేకపోయారు. కోద్దామని ఎవరైనా లేచేసరికి కరెంటు పోతుంది, లేకపోతే కోసే మనిషికి దుబాయ్ నుంచి ఫోన్ వస్తుంది. మా పత్రిక జిల్లా పేజీలో ఒక మూల, అగ్గిపెట్టెంత చోటులో పుట్టింది. తర్వాత ఆటోల వెనక ఎక్కింది. కిరాణా దుకాణాల క్యాలెండర్లలోకి వెళ్లింది. ఇప్పుడు సెల్‌ఫోన్లలో స్టిక్కరై తిరుగుతున్నది. మంచిర్యాలలో ఒక మటన్ దుకాణం బోర్డు మీద రెండు చేతులు జోడించి గిరాకీలను లోపలికి పిలుస్తుంటుంది. బోర్డు రాయించేటప్పుడు వాళ్లు నన్ను అడగలేదు. మేకపోతును అసలే అడిగి ఉండరు.

దాని చరిత్ర అంటూ ఒక వీడియో కూడా ఉంది. అందులో చెప్పినదంతా తప్పు. ఆ తప్పు వీడియో తీసిన పిల్లలది కాదు, నాది. అందుకే ఇది రాస్తున్నాను.

మా బావది సుల్తానాబాద్. మా అక్క భర్త. వడ్ల వ్యాపారం చేస్తాడు. కానీ ఊళ్లో ఆయనకున్న పేరు వడ్ల వల్ల వచ్చింది కాదు. మా వైపు పెళ్లికే కాదు, బోరులో నీళ్లు పడ్డా, ట్రాక్టర్ కొన్నా, కొడుకు గల్ఫ్ నుంచి దిగినా మేకో గొర్రో, యాట తెగాల్సిందే, దావత్ జరగాల్సిందే. కూర దించే ముందు గిన్నెలో నాలుగు ముక్కలు వేసి మా బావ చేతికిస్తారు. ఆయన చుబుకం పైకెత్తి, కళ్లు సగం మూసి, కింది దవడను ఒకసారి ఎడమకు, ఒకసారి కుడికి తిప్పుతూ నిమ్మళంగా నములుతాడు. చుట్టూ ఉన్నవాళ్లు మాట్లాడడం ఆపేస్తారు. చివరకు "ఉప్పు జర పడాలె" అంటాడు. వంటవాడు ఉప్పు డబ్బా కోసం ఉరుకుతాడు. ఆయన ఏమీ అనకుండా తల ఊపితే ఆ వంటవాడికి ఆ సీజనంతా పని దొరికినట్టే.

ఆ దవడ తిరగడం నేను చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే. దాన్ని ఎక్కడ చూశానన్నది మాత్రం చాలా ఏళ్లు గుర్తుకు రాలేదు. ఒక రోజు కోపంలో గుర్తుకు వచ్చింది, మేక నెమరు వేసేటప్పుడు.

ఆ రోజు మేనల్లుడి ధోతి ఫంక్షన్. మేనమామను కాబట్టి బట్టలు పెట్టింది నేను, పిల్లవాడికి ధోతి కట్టింది నేను. మా వైపు అలాంటి రోజు మేనమామ విస్తట్లో నల్లి బొక్క పడాలి. మూలుగ ఉన్న ఆ ఎముక కోసం ఎవరూ నోరు తెరిచి అడగరు, కానీ ఎవరికి పడిందో అందరూ చూస్తారు. వడ్డించేవాడు గరిటెతో నల్లి బొక్క తీసి నావైపు వంగాడు. మా బావ వెనక నుంచి వచ్చి ఆ గరిటెను పట్టుకుని, నా పక్కన కూర్చున్న కరెంటు ఆఫీసు ఇంజనీరు విస్తట్లోకి మళ్లించాడు. మా బావ పెట్టబోయే చిన్న మిల్లుకు కొత్త కనెక్షన్ కావాలి. నాకు మెడ ముక్క పడింది.

"బామ్మర్దీ, నువ్వింటోనివే గదా, ఏమనుకోవు" అన్నాడు.

"నేనేమనుకుంట బావా" అన్నాను.

కరీంనగర్ బస్సులో కూర్చున్నాక అన్నీ అనుకున్నాను. ఆఫీసుకు వెళ్లేసరికి జిల్లా పేజీలో ఒక చిన్న ప్రకటన రద్దయి మూల ఖాళీగా ఉంది. ఆ మూలలో ఏదో ఒకటి పెట్టమని డెస్క్ ఇన్‌చార్జి అన్నాడు. నేను వార్తలు దిద్దే ఉద్యోగిని, తీరిక ఉంటే బొమ్మలు వేసేవాడిని. పెన్ను తీసుకుని ఒక పంక్తి గీశాను. మనుషులు, విస్తళ్లు, మధ్యలో బాసింపట్టు వేసుకున్న ఒక మేకపోతు. ముఖం దగ్గరకు వచ్చేసరికి చెయ్యి దానంతటదే మా బావను గీసింది. కింద ఒకే మాట రాశాను. "నాకు జర పప్పెయ్యుర్రి."

మర్నాడు ఆఫీసుకు ఫోన్లు వచ్చాయి. డెస్క్ ఇన్‌చార్జి నా దగ్గరకు వచ్చి, "రేపు గీ పోతు ఏం జేస్తది?" అని అడిగాడు. దానికి రేపు అనేది ఒకటి ఉంటుందని నేను అనుకోలేదు.

అలా మొదలైంది. నల్లి బొక్క కోపం వారంలోనే పోయింది, మేకపోతు మాత్రం ఉండిపోయింది. దానికి రోజూ కొత్త పని కావాలి. పని కావాలంటే నేను మా బావను చూడాలి. ఏదో ఒక సాకుతో సుల్తానాబాద్ వెళ్లి ఆయన ఎదురుగా కూర్చుని అన్నం తినేవాణ్ని. ఆయన అద్దాలు పెట్టించుకున్న వారానికి మేకపోతుకు అద్దాలు వచ్చాయి. ఆయనకు మోకాళ్ల నొప్పి వస్తే అది కట్టె పట్టుకుంది. ఆయన గడ్డానికి రంగు వేసుకుంటే దాని గడ్డం కూడా ఒక్కరాత్రిలో నల్లబడింది.

"ఏందిరా తమ్మీ, మీ బావ మొకం గట్ల సూస్తున్నవ్?" అని అక్క ఒకసారి అడిగింది.

"ఏం లేదక్కా, బావ జర ఒళ్లు చేసిండు."

"నువ్వు పెట్టినవా?" అన్నాడు బావ అన్నం కలుపుతూనే.

భయం లేదని కాదు. మా దగ్గర బావను బామ్మర్ది ఎంతైనా ఆటపట్టించవచ్చు. పెళ్లిలో ముఖానికి రంగు పూయవచ్చు, చెప్పులు దాచవచ్చు. కానీ అదంతా ఇంట్లో జరిగేది. రెండు జిల్లాల మనుషులు చాయ్ తాగుతూ చూసే పేపర్‌లో ఆయన్ను మేకపోతుగా నిలబెట్టడం వేరు. ఆయనకు కోపం వస్తే ఆ ఇంట్లో ఉండాల్సింది మా అక్క. అందుకని బొమ్మ వేయడం మానలేదు, నోరు తెరవడం మానేశాను.

ఒక ఆదివారం పొద్దున వాకిట్లో జీపు ఆగింది. మా బావ దిగాడు. తెల్ల అంగీ, తెల్ల ధోతి. వెనక ఇద్దరు దిగారు. వాళ్లవీ తెల్ల బట్టలే. ఒకాయన రైసుమిల్లు షావుకారు, రెండో ఆయన వాళ్ల ఊరి పాత సర్పంచ్. ముందు ఫోన్ లేదు, కబురు లేదు. ఇది చదివే వేరే ఊరి వాళ్లకు ఇందులో ఏముందో తెలియకపోవచ్చు. మా దగ్గర ఒక మనిషి తెల్లబట్టలు కట్టుకుని, ఇద్దరు పెద్దమనుషులను వెంటబెట్టుకుని, చెప్పకుండా మీ ఇంటికి వచ్చాడంటే దానికి ఒకటే అర్థం. పంచాయితీ. మీరు ఏదో చేశారు, అది ఇప్పుడు మీ వాకిట్లో తేలుతుంది.

నేను కుర్చీలు వేశాను. నా భార్య చాయ్ పెడుతూ వంటింటి తలుపు సందులోంచి నన్ను పిలిచింది.

"ఏం జేసినవయ్యా?"

"నేనేం జెయ్యలే."

"మరి గా సర్పంచ్ ఎందుకచ్చిండు?"

మా బావ చాయ్ గ్లాసు పట్టుకున్నాడు కానీ తాగలేదు. చంకలో ఏదో డబ్బా పెట్టుకుని ఉన్నాడు. అది నేను చూశాను, కానీ దాని సంగతి ఆలోచించే స్థితిలో లేను. గొంతు సవరించుకున్నాడు.

"బామ్మర్దీ, ఒక్క మాట అడుగుత. పెద్దమనుషులున్నరు, ఉన్నదున్నట్టు చెప్పు. గా పేపర్ల మేకపోతు నేనేనా?"

ఆ క్షణం నాకు మా అక్క కనిపించింది. సంచీ పట్టుకుని మా ఇంటి గడప మీద నిలబడ్డట్టు కనిపించింది.

"ఛ ఛ, ఏం మాటలు బావా? నిన్ను గట్ల గీస్తనా? మా అవ్వ మీదొట్టు."

లోపలి గదిలో పడుకున్న అవ్వకు, అంటే మా అమ్మకు, చెవులు బాగా పనిచేస్తాయి. "నా మీదెందుకురా ఒట్టు? నీ పెండ్లం మీద ఎయ్యి" అని అరిచింది.

"నా మీదెందుకేస్తడు?" అంది వంటింట్లోంచి నా భార్య.

సర్పంచ్ నవ్వును తువ్వాలలో దాచుకున్నాడు. షావుకారు మాత్రం వదలలేదు. "మరి గది ఎవల మొకం?" అని అడిగాడు.

ఒట్టు వేశాక వెనక్కి రావడానికి దారి లేదు. నేను కొత్తగా పత్రికలో చేరినప్పుడు ఖానాపూర్‌లో కొన్ని నెలలు ఉన్నాను. పక్కింట్లో ఒక దర్జీ చాచా. ఆయనకు ఒక మేక ఉండేది. నోటికి అదే వచ్చింది. "ఖానాపూర్ల మా పక్కింటి చాచాకు ఒక మేకపోతుండె. గదాన్ని జూసి గీసిన. గదానికి అచ్చం గసొంటి గడ్డముండె" అన్నాను.

షావుకారు తొడ మీద చరుచుకున్నాడు. "ఇన్నవా? ఖానాపూర్ మేకనట."

 మా బావ చాయ్ గ్లాసు కింద పెట్టాడు. "సరే తియ్యి" అన్నాడు. లేచి వెళ్లాడు. దవడ కదల్లేదు. పంచాయితీ తప్పిందని నేను ఆ మధ్యాహ్నం రెండు పెరుగు గిన్నెలు ఎక్కువ తిన్నాను.

ఆ ఖానాపూర్ మేకపోతు అబద్ధం తర్వాత ఎక్కడెక్కడ మేసిందో చెప్పాలి. జిల్లాలు విడిపోయినప్పుడు మా పేజీ కూడా ముక్కలైంది. కుర్చీలు పంచుకున్నారు, కంప్యూటర్లు పంచుకున్నారు. మేకపోతు దగ్గరకు వచ్చేసరికి తగాదా. కరీంనగర్ వాళ్లు మా దగ్గర పుట్టిందన్నారు. పెద్దపల్లి వాళ్లు దాని భాష మాదన్నారు. మంచిర్యాల వాళ్లు మా బోర్డుల మీద ఉన్నన్ని పోతులు మీ దగ్గర ఉన్నాయా అన్నారు. నిర్మల్ వాళ్లు మాత్రం చాలా శాంతంగా, అసలు మేకపోతు మా ఖానాపూర్‌దే కదా, గీసినాయనే చెప్పాడు కదా అన్నారు. షావుకారు నోటి నుంచి ఆ మాట వడ్ల లారీలతో పాటు గోదావరి దాటి అంతదూరం పోయిందని నాకు అప్పుడు తెలిసింది.

కొన్నాళ్లకు ఇద్దరు పిల్లలు మైకు పట్టుకుని నా దగ్గరకు వచ్చారు. మన ప్రాంతపు గొప్పలన్నీ వీడియోలు తీస్తున్నామన్నారు. మేకపోతు ఎక్కడిదని అడిగారు. ఒకసారి చెప్పిన అబద్ధం మారిస్తే రెండు అబద్ధాలవుతాయని, అదే ఖానాపూర్ కథ మళ్లీ చెప్పాను. వాళ్లు నేరుగా ఖానాపూర్ వెళ్లి చాచాను పట్టుకున్నారు.

ఆ వీడియోలో చాచా కుట్టుమిషన్ ముందు కూర్చుని ఉంటాడు. "అవ్ బేటా, బకరా ఉండె. గింత పొడుగు గడ్డం. దావత్ అంటే మస్తు షౌక్ దానికి. అడగకుండనే పోయి కూసుండేది" అంటాడు. దాన్ని కట్టేసిన గుంజ కూడా చూపిస్తాడు. ఎలా చనిపోయిందని పిల్లలు అడుగుతారు. "ఉమర్ అయి పోయింది. మేం కొయ్యలే" అని తల దించుకుంటాడు. అక్కడ వీణ వాయిస్తారు.

నిజానికి నేను అక్కడ ఉన్నప్పుడు చాచా ఇంట్లో ఉన్నది ఒక ఆడమేక. దాని పాలతో చేసిన చాయ్ నాకు పొద్దున్నే పంపేవాడు. గడ్డం ఆ మేకకు లేదు, ఆయనకుంది.

వీడియో బాగా తిరిగింది. నాకు ఒక సన్మానం కూడా జరిగింది. శాలువా కప్పారు. అది జరిగిన కొద్ది రోజులకు అక్క ఫోన్ చేసింది.

"మీ బావ దావత్‌లకు పోతలేడురా."

జ్వరమా అని అడిగాను.

"జ్వరమైతే గోలి ఏద్దును. నువ్వు మొదాలు బొమ్మేసిన్నాటి సంది ఊరంత తిరిగి చెప్పిండు. గా పోతు నేనే, మా బామ్మర్ది నన్ను జూసి గీసిండు అని. ఎవలింట్ల తినవోయినా ముందుగల నాకు జర పప్పెయ్యుర్రి అంటుండె. అందరు నవ్వుతుండె. గదే ఆయనకు ఖుషి."

నేను ఫోన్ రెండో చెవికి మార్చుకున్నాను.

"షావుకారు, సర్పంచ్ నమ్మలే. గొప్పలు కొట్టుకుంటున్నవన్నరు. సూపిస్త పాండ్రి అని నీ దగ్గరికి తోలుకచ్చిండు. నువ్వు అవునంటవని స్వీటు డబ్బ గూడ కొన్నడు, నీకు తినిపిద్దామని. గా డబ్బ గట్లనే వాపస్ తెచ్చిండు. నాకు చెప్పలే. ఎండుమిర్చి బస్తాల ఎనుక దాచిండు. చీమలు పట్టినంక దొరికింది."

"అక్కా, నేను పంచాయితీ అనుకున్న."

"నీ మొకం పంచాయితీ. గప్పుడు గా ఇద్దరికే తెలుసు, ఎట్లనో నడిచింది. గిప్పుడు వీడియోల అచ్చినంక ఊరందరికి తెలిసె. మొన్న ఒక ట్రాక్టర్ దావత్ల ఉప్పు సూద్దామని గిన్నె పట్టుకుండట. ఒక పోరడు ఫోన్ల గా వీడియో పెట్టి, పెద్దనాయినా, అసలు పోతు ఖానాపూర్ల సచ్చిపాయె గదా, మరి నువ్వెవలు అన్నడట. అందరు నవ్విన్రట. గిన్నె కిందవెట్టి ఇంటికచ్చిండు. గప్పటిసంది యాడికి పోడు. బజార్ల డూప్లికేట్ పోతు అంటున్నరట. ఆయన జన్మల వడ్ల తూకం కాడ గూడ ఒక్క అబద్ధం ఆడలేరా తమ్మీ. గిప్పుడు అబద్ధాలోడయిండు."

 ఫోన్ పెట్టేసే ముందు అక్క అంది. "అవ్వ మీద ఒట్టేసినవట గదా."

"అవ్వకేం గాలేదు గదక్కా."

"అవ్వకేం గాలే. ఆయనకయింది."

మొదట వీడియో పిల్లలకు ఫోన్ చేశాను. తప్పు చెప్పానని, మేకపోతు మా బావ అని, దిద్దాలని అడిగాను. "సార్, గా వీడియోకు మస్తు పేరొచ్చింది" అన్నాడు ఒకడు. "గిప్పుడు మేక కాదు మనిషి అంటే పబ్లిక్ నమ్మరు సార్. కావాలంటే మేకపోతు మీద వివాదం అని ఇంకోటి తీద్దాం. మీ బావను, చాచాను ఎదురెదురు కూసోవెడదాం." వద్దన్నాను.

ఖానాపూర్ వెళ్లాను. చాచా ఇంటి గోడ మీద మేకపోతు బొమ్మ, కింద 'అసలు మేకపోతు ఇల్లు' అని రాసి ఉంది. చాచా నన్ను కూర్చోబెట్టి చాయ్ తెప్పించాడు. ఇప్పుడు అది డబ్బా పాల చాయ్.

"చాచా, నీ దగ్గర ఉన్నది ఆడమేక గదా."

"ఔ బేటా. పాలిస్తుండె."

"మరి బకరా అని ఎందుకు చెప్పినవ్?"

"నువ్వే చెప్పినవని గా పిల్లలన్నరు. నాకైతే యాదికి రాలే. చదువుకున్నోనివి, నువ్వు అబద్ధమెందుకు చెప్తవ్, నేనే మర్చిపోయిననుకున్న. మళ్ల, నేను కాదంటే నీ ఇజ్జత్ ఏం గావాలె?"

"గిప్పుడు కాదని చెప్తవా?"

చాచా తన గోడవైపు చూశాడు. ఎదురింటివాళ్ల వైపు చూశాడు. "గిప్పుడు కాదంటే నా ఇజ్జత్ ఏం గావాలె బేటా? ఫికర్ నక్కో. చాయ్ తాగు."

తాగి వచ్చాను. నా మాట నిలబెట్టడానికి అబద్ధం ఆడిన మనిషిని ఇంకేమీ అనలేకపోయాను. ఆ గోడ బొమ్మ అక్కడ అలాగే ఉంది. దాన్ని చెరపమని నేను అడగను.

ఇక మిగిలింది సుల్తానాబాద్. మా బావ ఇంటి వెనక రేకుల షెడ్డులో ఖాళీ సంచులు మడతపెడుతున్నాడు. ఆ పని ఆయనది కాదు, హమాలీలది. గడ్డం తెల్లబడింది. రంగు వేసుకోవడం మానేశాడు. నేను పక్కన కూర్చుని ఒక సంచీ మడతపెట్టాను.

"బావా, గా మేకపోతు నువ్వే."

"ఎర్కే."

"తప్పయింది."

"నాకు జెప్పి ఏం ఫాయిదా? నేనేమన్న కాదంటున్ననా?" సంచీ మీద దుమ్ము దులిపాడు. "నువ్వు కాదన్నది నలుగురి ముందట. ఔనన్నది సంచుల ముందట. పో, మీ అక్క అన్నం పెడ్తది."

 అన్నం తింటూ ఆ మాట అక్కకు చెప్పాను. అక్క ఆలోచించింది. మేనల్లుడు, నేను ధోతి కట్టిన ఆ పిల్లవాడే, వచ్చే వారం దుబాయ్ నుంచి సెలవు మీద దిగుతున్నాడు. దావత్ ఎలాగూ చేయాలి. "ఎవలింటికి పోకున్నా ఇంట్ల దావత్ నుంచి యాడికి పోతడు?" అంది.

ఊరంతా వచ్చింది. షావుకారు వచ్చాడు, పాత సర్పంచ్ వచ్చాడు. వీడియో చూపించిన ఆ పోరడు కూడా చెల్లెలితో పాటు వచ్చాడు. యాట కూర కుతకుత ఉడుకుతున్నది. దించే ముందు వంటవాడు గిన్నెలో ముక్కలు వేసుకుని అటూ ఇటూ చూసి, తనే రుచి చూసుకున్నాడు. ఇంటి యజమాని పందిరి చివర, నీళ్ల ట్యాంకరు పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని ఉన్నాడు. ఆయనకు గిన్నె ఇవ్వాలని ఎవరికీ తోచలేదు, లేదా తోచినా ఎందుకులే అనుకున్నారు.

నేను పొయ్యి దగ్గరకు వెళ్లి, చల్లారిన బొగ్గు ఒకటి తీసుకున్నాను. మా అక్క వాళ్ల ప్రహరీ గోడ తెల్లగా మెరుస్తున్నది.

"తమ్మీ, సున్నం మొన్ననే ఏపిచ్చిన" అంది అక్క.

"మళ్ల ఏపిస్త."

బావ దగ్గరకు వెళ్లి, "ఒక్కపారి గీడికి రా" అన్నాను. రానన్నాడు. మేనల్లుడు కుర్చీతో సహా ఎత్తుకొచ్చి గోడ ముందు దింపాడు. దుబాయ్‌లో ఏం పని చేస్తాడో నాకు అప్పుడు అర్థమైంది. జనం విస్తళ్ల ముందు నుంచి లేచి వచ్చారు.

ముందు చుబుకం గీశాను. తర్వాత దవడ, సగం మూసిన కళ్లు, అద్దాలు, పల్చటి గడ్డం, భుజం మీద తువ్వాల. ముఖం పూర్తయ్యేసరికి అది మా బావ అని చంటిపిల్లలకు కూడా తెలిసింది. ఒక ముసలమ్మ బొమ్మకు దండం పెట్టబోయి, మనిషి పక్కనే ఉన్నాడని గుర్తొచ్చి ఆగింది. అప్పుడు రెండు కొమ్ములు పెట్టాను. చెవులు కిందికి దించాను. ఇంకేమీ మార్చలేదు.

 సర్పంచ్ గోడ దగ్గరకు వచ్చి, బొమ్మను చూసి, బావను చూసి, మళ్లీ బొమ్మను చూశాడు. "ఆర్నీ, గది పోతే గదా" అన్నాడు.

షావుకారు అంత తొందరగా ఒప్పుకునే మనిషి కాదు. "బామ్మర్ది గదా, బావ కోసం గిప్పుడు పోలిక కలిపి గీసిండు" అన్నాడు.

"సరే, యాది జేసుకోర్రి" అన్నాను. "బావ అద్దాలు ఏ ఎండకాలం పెట్టిచ్చుకున్నడు? పోతుకు గప్పుడే గదా అద్దాలచ్చినయ్. బావకు మోకాళ్లు నొప్పి అచ్చి కట్టె పట్టిండు. పోతు చేతికి కట్టె గప్పుడే గదా అచ్చింది."

"గడ్డానికి నల్లరంగేసుకున్నప్పుడు గూడ" అని వెనక నుంచి మంగలాయన అన్నాడు. "రంగేసింది నేను. మల్ల వారమే పేపర్ల పోతు గడ్డం నల్లగయింది. నేను నా పెండ్లానికి సూపిస్తిని."

షావుకారు మంగలాయన వైపు కోపంగా చూశాడు. "గిన్నేండ్లు ఎందుకు చెప్పలే?"

"నన్నెవలడిగిండ్రు?"

జనం నవ్వారు. నవ్వు ఈసారి మా బావ మీద కాదు. వీడియో చూపించిన పోరడు ఫోన్ తీసి గోడను ఫోటో తీసుకుంటున్నాడు. మా బావ మాత్రం నవ్వలేదు. గోడ మీద ఉన్న తనను చాలాసేపు చూశాడు. తర్వాత నావైపు తిరిగాడు. ఆ రోజు మా వాకిట్లో అడిగినట్టే, చుబుకం పైకెత్తి అడిగాడు.

"మరి గానాడు ఎందుకు కాదన్నవ్?"

"పంచాయితీకి అచ్చినవనుకున్న బావా. నీకు కోపమచ్చి అక్కను పంపిస్తవని బుగులైంది."

"మీ అక్కను నేను పంపిస్తనా?" అన్నాడు. "ఆమె పోతదా?"

"నేనేడికి పోత" అంది అక్క, వంటపాత్రల మధ్యలోంచి.

మళ్లీ నవ్వులు. ఆ నవ్వుల్లో విషయం కలిసిపోతుందని, ఇంక తినవచ్చని నాకు ఒక క్షణం అనిపించింది. కానీ ఆయన ఇంకా నన్నే చూస్తున్నాడు. షావుకారు, సర్పంచ్, ఆ పోరడు, మంగలాయన అందరూ అక్కడే నిలబడి ఉన్నారు. నా చేతులకు బొగ్గు మసి. ఎక్కడ పెట్టుకోవాలో తెలియక వెనక్కి పెట్టుకున్నాను. అప్పుడు అందరూ వినేలా చెప్పాను.

"బావా, నిన్ను మేకపోతును జేసినందుకు నాకేం రంది లేదు. నువ్వు వద్దన్నా గదే జేస్తుంటి. కానీ నువ్వు ఇద్దరు మనుషులను తోలుకచ్చి, నిజం చెప్పమని అడిగితే, నేను కాదన్న. నువ్వు ఒక్కనాడు అబద్ధమాడినోనివి గావు. నిన్ను ఊరి ముందట అబద్ధాలోన్ని జేసింది నేను. గందుకు తప్పయింది బావా. మాఫ్ జెయ్యి."